నల్లకోటు తొలి అయిదేళ్ళు

న్యాయవాది తన గురించి తాను ఎంతవరకు చెప్పుకోవచ్చో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోనే రాసి ఉంది. ప్రకటనలు ఇచ్చుకోకూడదు, మనుషుల్ని పెట్టి కేసులు తెప్పించుకోకూడదు. 2008లో 36వ నియమాన్ని సవరించాక ఇంటర్నెట్‌లో పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, చదువు, చూసే కేసుల రకం వరకు పెట్టుకోనిచ్చారు. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, మార్కాపురం కోర్టుల్లో రెండు మూడేళ్ళ కిందట కోటు తొడుక్కున్న వాళ్ళ వివరాలు ఈ పద్ధతిలో రాస్తే అందరివీ ఒకేలా ఉంటాయి. ఎల్ఎల్.బి., ఎన్‌రోలైన ఏడాది, 'సివిల్, క్రిమినల్'. ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఎలాంటి కట్టలు విప్పారు, ఆ ఏళ్ళలో ఇల్లు ఎవరి డబ్బుతో గడిచింది అన్నవి అందులో ఉండవు. న్యాయవాది తయారయ్యేది మాత్రం వాటితోనే.

ఈ విషయం మీద రకరకాల మాటలు వినిపిస్తుంటాయి. కాలేజీల్లో చదువు లేదని కొందరంటారు. సీనియర్లకు నేర్పే తీరిక లేదని, జూనియర్లకు కూర్చునే ఓపిక లేదని ఇంకొందరు. పరీక్షలు గట్టిగా పెడితే అంతా సర్దుకుంటుందనే వాళ్ళూ ఉన్నారు. వీటిలో ప్రతిదాంట్లోనూ కొంత నిజముంది. కానీ వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరు. చేతికి చెప్పుకోదగ్గ డబ్బు రాని ఆ మొదటి నాలుగైదేళ్ళు కోర్టులో ఎవరు నిలబడగలుగుతున్నారు? నిలబడలేక వెళ్ళిపోతున్నది ఎవరు? మిర్చి, పత్తి పండే ఈ మెట్ట ప్రాంతంలో రేపు ఎవరి కేసు ఎవరు వాదిస్తారన్నది దాన్ని బట్టే తేలుతుంది.

ఇది ఈనాటి ప్రశ్న కాదు. టంగుటూరి ప్రకాశం 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. చదువు చెప్పిన హనుమంతరావు నాయుడు మాస్టారు ఆయన్ని తన వెంట రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడ సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఆయన బాగా సంపాదించారు. కానీ ఆ హోదాతో కింది కోర్టుల్లోనే వాదించాలి, హైకోర్టు గడప తొక్కడానికి లేదు. అందుకని 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఆయన ప్రతిభ ఎంత గొప్పదైనా, ఒక తల్లి కష్టం, ఒక మాస్టారి ఆదరణ లేకపోతే ఆ మొదటి మెట్టు ఎక్కేవారు కారు. దేశభక్త కొండా వెంకటప్పయ్య బందరులో ప్రాక్టీసు చేసి తర్వాత గుంటూరు చేరారు. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ డబ్లిన్ వెళ్ళి బారిస్టరై వచ్చారు. స్వాతంత్ర్యోద్యమ రోజుల్లో వీళ్ళంతా ప్రాక్టీసు వదిలేశారు. గుంటూరు బార్ ఘనత గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఈ పేర్లు తలుచుకుంటారు. ఆ తరంలో ప్లీడరు వృత్తి దాదాపు బ్రాహ్మణ కుటుంబాల్లోనే ఉండేదన్నది కూడా దాంతోపాటు చెప్పుకోవాలి. తర్వాత పొగాకు, పత్తి, మిర్చి మీద డబ్బు చూసిన రైతు కుటుంబాల పిల్లలు వచ్చారు. ఆ తర్వాత రిజర్వేషన్లతో, ఫీజు రీయింబర్స్‌మెంటుతో దళిత, బీసీ, ముస్లిం కుటుంబాల పిల్లలు వచ్చారు. ఇంట్లో మొదటి లాయరు అన్న మాట ఇవాళ గుంటూరు బార్ అసోసియేషన్‌లో ఎందరి విషయంలోనో నిజం. అంటే నష్టం భరించే స్తోమత ఇంట్లో లేని వాళ్ళు ఈ వృత్తిలోకి వస్తున్న కాలం ఇది.

గుంటూరుకు హైకోర్టు కూడా కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జులైలో హైకోర్టు ఇక్కడే పెట్టారు. కోకా సుబ్బారావు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో అది హైదరాబాదు తరలిపోయింది. అప్పటినుంచి అప్పీలన్నా, రిట్ అన్నా, పెద్ద బెయిలన్నా రాత్రి రైలెక్కాల్సిందే. 2019లో హైకోర్టు నేలపాడు వచ్చాక గుంటూరు కుర్ర లాయర్లకు అది గంట ప్రయాణం. ఉదయం జిల్లా కోర్టులో వాయిదా చూసుకుని, మధ్యాహ్నం హైకోర్టులో సీనియర్ పక్కన నిలబడి వినే వీలు వాళ్ళ తాతల కాలం తర్వాత వీళ్ళకే దక్కింది. నాగార్జున విశ్వవిద్యాలయంలో లా చదివి 1983లో ఎన్‌రోలైన ఎన్.వి. రమణ 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ దారి మన ఊళ్ళ నుంచి కూడా ఉందని చెప్పడానికి ఆ పేరు చాలు.

ఇక శిక్షణ సంగతి. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టంలో ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు శిక్షణ, పరీక్ష ఉండాలన్న నిబంధన ఉండేది. 1973 సవరణలో దాన్ని తీసేశారు. ఏడాది శిక్షణ తప్పనిసరి చేస్తూ 1995లో బార్ కౌన్సిల్ మళ్ళీ నియమాలు తెస్తే, ఆ అధికారం కౌన్సిల్‌కు లేదని 1999లో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష వచ్చింది. చట్టాల పుస్తకాలు దగ్గర పెట్టుకుని వంద ప్రశ్నలకు టిక్కులు పెట్టే పరీక్ష అది. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. కాదనక్కర్లేదు, కానీ దావా ఎలా వేయాలో అది నేర్పదు. కాలేజీ చదువుకూ కోర్టు పనికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చే బాధ్యత చట్టప్రకారం ఎవరిమీదా లేదు. సీనియర్ దయ మీద, గుమాస్తా ఓర్పు మీద అది జరిగిపోతోంది.

గుమాస్తా అన్న మాట ఊరికే అనలేదు. గుంటూరులో గానీ ఒంగోలులో గానీ ఒక జూనియర్‌ను మొదటి ఏడాది ఏం నేర్చుకున్నావని అడిగితే, సగం గుమాస్తా దగ్గర నేర్చుకున్నదే చెబుతారు. వకాల్తా మీద వెల్ఫేర్ స్టాంపు ఎక్కడ అంటించాలి, దావా విలువ కట్టి కోర్టు ఫీజు ఎంత వేయాలి, ఏ కాగితం లేకపోతే ఆఫీసు దావాను రిటర్న్ చేస్తుంది, తిరిగి రీప్రజెంట్ చేయడానికి ఎన్ని రోజులుంటుంది, సర్టిఫైడ్ కాపీకి ఎప్పుడు వేస్తే ఎప్పుడొస్తుంది. ఇవన్నీ ఏ క్లాసులోనూ చెప్పరు. ఉదయం కాల్‌వర్క్‌లో సీనియర్ కేసు పిలిచినప్పుడు లేచి నిలబడి టైము అడగడం, ఎదుటి పార్టీ ఎక్స్‌పార్టీ అయితే ఏం చేయాలో తెలుసుకోవడం, సాయంత్రం ఆఫీసులో రేపటి కట్టలు తీసి వాయిదా డైరీ రాయడం, మధ్యలో క్లయింట్లు వస్తే కూర్చోబెట్టి వాళ్ళు చెప్పేది వినడం. మొదటి రెండేళ్ళు గడిచేది ఇలాగే. ఇదంతా చాకిరీ అని కొందరు విసుక్కుంటారు. నేనలా అనుకోను. ఎవరు ఎప్పుడు అబద్ధం చెబుతున్నారో, ఏ కాగితం లేకపోతే కేసు కూలిపోతుందో తెలిసేది ఈ పనిలోనే. బాధ అక్కడ లేదు. చాకిరీకి ఇచ్చేది బస్సు చార్జీలకు సరిపోకపోవడంలో ఉంది.

కేసుల సంగతి చెబితే, ఈ నేల మీద పండే పంట కోర్టు రికార్డులో కనపడుతుంది. మిర్చికి పెట్టుబడి ఎక్కువ. నారు, ఎరువులు, పురుగు మందులు, కోత కూలీలు అంతా ముందే కావాలి. బ్యాంకు అప్పు కౌలు రైతుకు అందదు. కాబట్టి కమీషన్ వ్యాపారి దగ్గరో, ఎరువుల కొట్టులోనో, ఊళ్ళో వడ్డీకిచ్చే పెద్దమనిషి దగ్గరో అప్పు పుడుతుంది. పంట గుంటూరు మిర్చి యార్డుకో, రేటు కోసం ఆగితే కోల్డ్ స్టోరేజీకో వెళుతుంది. రేటు పడిపోయిన ఏడాది అప్పు అలాగే నిలిచిపోతుంది. ఆ అప్పుకు రుజువు ప్రామిసరీ నోటు. మీకుగానీ మీ ఆర్డరు హోల్డరుకుగానీ కోరినప్పుడు ఇచ్చుకోగలనని రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టిన ఒక్క కాగితం. నూటికి రెండు రూపాయలంటే నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఈ ప్రాంతంలో చేరిన ఏ జూనియర్ చేతికైనా ముందుగా వచ్చే కట్ట ఇదే.

ఆ ఒక్క కాగితంలో ఎంత చట్టముందో చూడండి. కోరినప్పుడు ఇవ్వాల్సిన నోటుకు కాలపరిమితి రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. ఆ లోపల కొంత డబ్బు కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు. గడువు వేసవి సెలవుల్లో పడితే కోర్టు తెరిచిన రోజు దాఖలు చేయొచ్చు. అందుకే తెరిచిన రోజున నోటు దావాలు వరసగా పడతాయి. దావా పడ్డాక ప్రతివాది చెప్పే జవాబులు కూడా పాత బాటలోనే నడుస్తాయి. సంతకం నాది కాదు. సంతకం నాదే గానీ ఖాళీ నోటు మీద పెట్టించుకున్నారు. డబ్బు ఎప్పుడో కట్టేశాను, నోటు తిరిగివ్వలేదు. అంత డబ్బు ఇచ్చే తాహతు వాదికి లేదు. చెల్లు నేను రాయలేదు. చట్టం మాత్రం, నోటు రాసినట్టు తేలితే డబ్బు ముట్టిందనే ముందుగా అనుకుంటుంది. కాదని చూపే భారం సంతకం చేసినవాడిది. అప్పుడు లేఖరినీ, సాక్షినీ క్రాస్ చేయాలి. నోటు ఎవరింట్లో రాశారు, అప్పుడు పక్కనెవరున్నారు, డబ్బు ఎవరు లెక్కపెట్టారు, స్టాంపు ఎవరు తెచ్చారు అని ఒక్కొక్కటీ అడగాలి. జూనియర్ మొదటిసారి సొంతంగా క్రాస్ చేసేది చాలాసార్లు ఇలాంటి సాక్షినే. ప్రతివాది రైతు అయితే 1938 నాటి వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం కింద వడ్డీ తగ్గించమని అడగొచ్చు. ఆ మాట రిటన్ స్టేట్‌మెంట్‌లో రాయడం మరిచిపోయిన లాయరు వల్ల రైతుకు పడే నష్టం వేలల్లో ఉంటుంది. పెద్ద పెద్ద రాజ్యాంగ తీర్పులు చదివినవాళ్ళకు కూడా ఈ పాత చట్టం గురించి ఎవరో ఒకరు చెబితే గానీ తెలియదు.

చెక్కు కేసులది ఇంకో లెక్క. చెక్కు వెనక్కొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు ఒక్కరోజు ఆలస్యమైనా మన్నించమని పిటిషన్ పెట్టుకోవాల్సిందే. 2014 ఆగస్టులో దశరథ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్న ఊళ్ళోనే కేసు వేయాలంది. దూర రాష్ట్రాలకు మిర్చి పంపి చెక్కులు తీసుకున్న గుంటూరు వ్యాపారులకు అది పెద్ద దెబ్బ. 2015 సవరణతో చెక్కు వేసుకున్నవాడి బ్యాంకు శాఖ ఉన్నచోట వేయొచ్చన్నారు. ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలోనే ఉన్నా ఆ మాట నిలబడటం అరుదు. ఎన్నో కేసుల్లో ఏళ్ళు గడిచి చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడతాయి. ఆ రాజీ కుదిర్చే మాటల్లో కూడా జూనియర్లే ఎక్కువగా ఉంటారు. మనిషి ఎక్కడ దిగొస్తాడో, ఎక్కడ బిగిసిపోతాడో వాళ్ళకు అక్కడే పట్టుబడుతుంది.

అప్పులు మరీ మీద పడితే ఐ.పి. పెడతారు. ఇది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్. కంపెనీలకు 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, మామూలు మనిషికి సంబంధించిన భాగం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు. కాబట్టి వందేళ్ళ చట్టమే ఇవాళ్టికీ దిక్కు. అప్పులు 500 రూపాయలు ఉంటే చాలని అందులో రాసిన మొత్తం ఇంకా అలాగే ఉంది. అప్పిచ్చినవాళ్ళ జాబితా, ఉన్న ఆస్తుల జాబితా తయారు చేసి, అప్పిచ్చిన ఒక్కొక్కరికీ నోటీసు పంపాలి. నోటీసు అందుకున్నవాళ్ళలో కూలి డబ్బు దాచుకుని వడ్డీకిచ్చిన ఆడవాళ్ళు, కూతురి పెళ్ళికి దాచిన డబ్బు ఇచ్చినవాళ్ళు ఉంటారు. మోసం చేయడానికే ఐ.పి. పెట్టేవాళ్ళున్నారు, నిజంగా మునిగిపోయినవాళ్ళూ ఉన్నారు. ఏ వైపు నిలబడుతున్నామో తెలిసి నిలబడటం ఒక లాయరు మొదటి అయిదేళ్ళలో నేర్చుకోవాల్సిన ముఖ్యమైన పాఠం. దాన్ని ఎవరూ నోటితో చెప్పి నేర్పరు.

డబ్బు సంగతి పక్కన పెడితే, జూనియర్‌కు సొంతంగా గౌరవం తెచ్చే మొదటి పని అడ్వొకేట్ కమిషనర్‌గా వెళ్ళడం. హద్దుల తగాదాలో కోర్టు ఒక యువ న్యాయవాదిని కమిషనర్‌గా వేసి, పొలం చూసి రిపోర్టు ఇమ్మంటుంది. వారెంటు పుచ్చుకుని రెండు వైపులా నోటీసు ఇచ్చి, మండల సర్వేయరును వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికి పత్తి నడుము దాకా ఎదిగి ఉంటుంది. దస్తావేజులో తూర్పు హద్దు ఫలానావారి పొలం అని ఉంటే, ఆ ఫలానావారు ఎప్పుడో అమ్మేసి వెళ్ళిపోయి ఉంటారు. హద్దురాళ్ళు కనపడవు. వాది మనుషులు ఒక గట్టు చూపిస్తారు, ప్రతివాది మనుషులు ఇంకో గట్టు. సర్వేయరు ఎఫ్.ఎం.బి. పటం తీసి గొలుసు వేస్తాడు. బోరెక్కడుంది, డొంక ఎటు పోతోంది, వేపచెట్టు ఎవరి వైపుంది, గట్టు ఈమధ్య కొట్టినట్టుందా అన్నవన్నీ నోట్ చేసుకుని స్కెచ్ గీయాలి. పొలం ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చడం కమిషనర్ పని కాదు. కళ్ళకు కనపడింది మాత్రమే రాయాలి. రెండు పక్షాలూ ఒత్తిడి పెడతాయి, భోజనానికి పిలుస్తాయి, వద్దంటే కోపం తెచ్చుకుంటాయి. రిపోర్టు మీద అభ్యంతరాలు వస్తే బోనెక్కి జవాబు చెప్పాల్సి ఉంటుంది. అంతవరకు సాక్షుల్ని ప్రశ్నించడం చూసిన కుర్రవాడు, తనే సాక్షిగా నిలబడి తను రాసిన ప్రతి మాటకూ బాధ్యత వహిస్తాడు. ఇంత మంచి శిక్షణ మరెక్కడా దొరకదు. కోర్టులు ఈ పనిని ఎప్పుడూ అడిగే నలుగురికే కాకుండా, చేరిన ప్రతి జూనియర్‌కూ వంతులవారీగా ఇస్తే బాగుంటుంది.

భూమి తగాదాల్లో ఇంకో మలుపు ఈమధ్యే చూశాం. 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 చివర్లో అమల్లోకి వచ్చింది. ఆస్తి హక్కు తగాదాలు సివిల్ కోర్టుకు కాకుండా టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి ముందుకు వెళ్ళేట్టు చేసిన చట్టం అది. రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించారు, గుంటూరు, ప్రకాశం వాళ్ళు కూడా. 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. లాయర్లు తమ సంపాదన కోసం గొడవ చేశారని అప్పట్లో కొందరన్నారు. సంపాదన సంగతి ఉన్నా, పొలం పోయినవాడు జడ్జి ముందు నిలబడి సాక్ష్యం చెప్పుకునే హక్కు అంతకన్నా పెద్దది. ఆ పోరాటం సరైనదే. అయితే కోర్టు బహిష్కరణ ఎన్ని రోజులు నడిస్తే జూనియర్‌కు అన్ని రోజులు చేతికి ఏమీ రాలేదు. ఆ మాట కూడా పోరాటం చేసినవాళ్ళే చెప్పాలి.

పత్తి విత్తనాల కేసులు వినియోగదారుల కమిషన్‌లో నడుస్తాయి. మొలక రాలేదనో, కాయ పట్టలేదనో రైతు వస్తాడు. విత్తనంలో లోపం ఉందని ల్యాబు రిపోర్టు తెమ్మని కంపెనీ అడుగుతుంది. విత్తనమంతా భూమిలో పడ్డాక ల్యాబుకు పంపడానికి ఏముంటుంది? 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. రైతు వినియోగదారుడేనని, నమూనా దాచుకోలేదని అతన్ని తప్పుపట్టకూడదని తేల్చింది. మన రాష్ట్ర రైతులు తెచ్చుకున్న తీర్పు అది. ఇలాంటి కేసు గెలవాలంటే కావలసింది ఖాళీ విత్తన సంచి, దాని మీద లాట్ నంబరు, కొట్టు బిల్లు, వ్యవసాయ అధికారి చూసి రాసిన కాగితం. బిల్లు లేకుండా అప్పు మీద తెచ్చుకున్న విత్తనానికి కేసు నిలబడటం కష్టం. 1980ల చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి పోయి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు రైతుకు అండగా నిలిచే న్యాయ సహాయం చాలా తక్కువ. కౌలు రైతు పరిస్థితి ఇప్పటికీ అదే. 2019 నాటి పంట సాగుదారుల చట్టం కింద 11 నెలల సాగు పత్రం తీసుకోవాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. అప్పుడు ఆ రైతు తరఫున వాదించడానికి కాగితమే ఉండదు. నోటిమాట కౌలును సాక్ష్యాలతో నిలబెట్టగలిగిన లాయరు ఈ ప్రాంతానికి ఎంతో అవసరం.

క్రిమినల్ వైపు ఇవాళ్టి జూనియర్‌కు వచ్చినంత మార్పు గత ఏ తరానికీ రాలేదు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు పాత పీనల్ కోడ్, తర్వాతవాటికి కొత్తది. ముందస్తు బెయిలు సెక్షన్ 438 నుంచి 482కి మారింది. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న సీనియర్, నిన్న చేరిన జూనియర్ ఒకే పుస్తకం తిరగేయాల్సి రావడం వల్ల కుర్రవాళ్ళకు ఒక మేలు కూడా జరిగింది. కొత్త సెక్షన్ ముందుగా తెలిసినవాడి మాట సీనియర్ వింటున్నాడు.

ఈ జిల్లాల క్రిమినల్ చరిత్రలో రెండు పేర్లు మరిచిపోలేనివి. కారంచేడులో 1985 జులై 17న దళితుల మీద జరిగిన దాడికి నిరసనగా బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన హత్యల కేసుకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. సాక్షులు పదహారేళ్ళు నిలబడటం ఎంత కష్టమో, వాళ్ళ పక్కన అన్నేళ్ళూ ఉండే లాయరు దొరకడం కూడా అంతే కష్టం. తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' అని మామూలు జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు. న్యాయవాది ఎవరి పక్షాన నిలబడ్డాడన్నది కూడా అతని అనుభవంలో భాగమేనని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. ఈ కేసుల రికార్డు లా కాలేజీ పిల్లలతో చదివించాలి. మన జిల్లా కోర్టుల్లో నడిచినవి వదిలేసి ఎక్కడెక్కడివో చదివించడంలో అర్థం లేదు.

పేదవాడి వైపు నిలబడాలనుకునే కొత్తవాళ్ళకు ఇప్పుడు ఒక దారి ఏర్పడింది. జాతీయ న్యాయ సేవల సంస్థ 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి తెచ్చింది. అందులో అసిస్టెంట్ పోస్టులకు మూడేళ్ళలోపు అనుభవం ఉన్నవాళ్ళు కూడా అర్హులే. సొంత ప్రాక్టీసు వదులుకుని పూర్తికాలం చేయాలి, కానీ నెలకింత అని వస్తుంది, రోజూ కోర్టులో వాదించే అవకాశం దక్కుతుంది. పోస్టులు మాత్రం జిల్లాకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1978లో మొదటి మహిళా న్యాయమూర్తి అయిన కె. అమరేశ్వరి గుంటూరు జిల్లా అప్పికట్లలో పుట్టారు. ఇవాళ లా కాలేజీ క్లాసుల్లో అమ్మాయిలు చాలామంది ఉన్నారు. కోర్టు హాల్లో అయిదారేళ్ళ తర్వాత అంతమంది ఉండరు. సీనియర్ ఆఫీసు పని మొదలయ్యేది సాయంత్రం ఆరు తర్వాత, రాత్రి తొమ్మిది పది దాకా నడుస్తుంది. పక్క ఊరి నుంచి బస్సులో వచ్చిపోయే అమ్మాయి ఆ సమయానికి అక్కడ ఉండలేదు. క్లయింటు గుర్తుపట్టేది, డైరీలో పేరెక్కేది ఆ మూడు గంటల్లోనే. ఆఫీసు పనిని మధ్యాహ్నానికి జరిపిన సీనియర్ల దగ్గర అమ్మాయిలు నిలదొక్కుకుంటున్నారు. ఇందుకు చట్టం అక్కర్లేదు, సీనియర్ అనుకుంటే చాలు.

ఇక డబ్బు. అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మామూలువాళ్ళకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. కానీ రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు ఏవేవో పేర్లతో వేలల్లో వసూలు చేస్తూ వచ్చాయి. అది చెల్లదని 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లోపలికి రావడం కాస్త తేలికైంది. లోపల ఉండటం మాత్రం కష్టంగానే ఉంది. న్యాయవాది మరో చోట జీతానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. సంపాదనకు ఇంకో దారి మూసి, ఈ దారిలో ఏమీ ఇవ్వకపోతే మిగిలేది ఇంటి డబ్బే. 2019 డిసెంబరు 3న రాష్ట్ర ప్రభుత్వం లా నేస్తం పథకం కింద తొలి మూడేళ్ళ జూనియర్లకు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. లోటుపాట్లు ఎన్ని ఉన్నా, ఒక ప్రభుత్వం ఈ అవసరాన్ని గుర్తించిందన్నది ఒప్పుకోవాలి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. మార్కాపురంలోనో, దర్శిలోనో నోటు దావాలు చూసుకునే సీనియర్‌కు తన రాబడే అంతంతమాత్రం. ఆయన్ని అంత ఇమ్మనడం న్యాయం కాదు. భారం ఒక్క సీనియర్ మీద పెట్టకుండా, బార్ కౌన్సిల్ నిధి, ప్రభుత్వ సాయం, పెద్ద ప్రాక్టీసున్నవాళ్ళ వాటా కలిపి జిల్లావారీగా ఒక నిధి పెడితే తప్ప ఇది జరగదు.

2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని ఇంకా తొందరపెట్టింది. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని తిరిగి నిబంధన పెట్టింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ నుంచి లెక్కిస్తారు. పదేళ్ళ అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలి, దాన్ని జిల్లాలో ప్రధాన న్యాయాధికారి ఆమోదించాలి. తీర్పు ఉద్దేశం మంచిది. నోటు దావా ఎలా నడుస్తుందో చూడని జడ్జికి ఆ నోటు వెనకున్న రైతు కనపడడు. కానీ ఆ మూడేళ్ళు ఎలా గడిచాయో ధ్రువపత్రం చెప్పదు. ఒకరు రోజూ కోర్టుకు వెళ్ళి క్రాస్ చేసి ఉండొచ్చు, ఇంకొకరు ఎన్‌రోలై కోచింగ్ సెంటర్లో కూర్చుని ఉండొచ్చు. సంతకం ఇద్దరికీ ఒక్కటే. ఇంట్లో స్తోమత లేని పిల్ల మూడేళ్ళు ఆగలేక పరీక్షకే రాకపోవచ్చు.

దీనికి మందు కష్టమైంది కాదు. ప్రతి వాయిదాకూ ఎవరు హాజరయ్యారో ఇప్పటికే కోర్టు రికార్డులో ఉంటోంది. దాఖలు చేసిన దావాలు, క్రాస్ చేసిన సాక్షులు, కమిషనర్‌గా ఇచ్చిన రిపోర్టులు, లోక్ అదాలత్‌లో కుదిర్చిన రాజీలు జూనియర్ పేరుతో నమోదు కావాలి. ప్రతి పత్రం మీద సీనియర్ పేరు కింద, రాసిన జూనియర్ పేరు కూడా ఉండాలి. ధ్రువపత్రం ఇచ్చే సీనియర్ ఆ లెక్క చూసి ఇవ్వాలి. నిధి నుంచి స్టైపెండ్ కూడా అదే లెక్కన, మూడేళ్ళ తర్వాత కాకుండా మూడు నెలలకోసారి అందాలి. గుంటూరు, ఒంగోలు బార్ అసోసియేషన్లు హైకోర్టు నియమం వచ్చేదాకా ఆగక్కర్లేదు. వచ్చే వేసవి సెలవులు అయిపోయి కోర్టులు తెరిచేనాటికి తమ రిజిస్టరు తామే మొదలుపెట్టొచ్చు.